సుమేయ్ మేస్త్రి మిగిల్చిన ఉక్కు

షెంజెన్ దగ్గరున్న మా చాంగాన్‌లో అచ్చులు చేసే సందులు పదిహేడు ఉన్నాయి. ఏ సందులో నిలబడి "ఉక్కుని అద్దంలా తీర్చే మనిషి ఎవరండీ?" అని అడిగినా జాంగ్ సుమేయ్ పేరే చెబుతారు. చెప్పాక ఓ అడుగు దగ్గరికొచ్చి, "నోరు మాత్రం మంచిది కాదు, చూసుకోండి" అని కూడా అంటారు. రెండూ నిజమే. అలాంటి నోరు లేకుండా మగవాళ్ళ అచ్చుగదిలో పద్దెనిమిదేళ్ళు ఓ ఆడమనిషి ఎలా నిలబడాలో మాత్రం వాళ్ళలో ఒక్కరూ చెప్పరు.

ఫోను వెనక తొడిగే కవరు ఉంటుంది చూడండి, దాన్ని పోసే ఉక్కు అచ్చు చేయడం ఆవిడ పని. వినడానికి చిన్న పనే. ఇందులో ఉన్న తంటా బయటివాళ్ళకి తెలియదు. కొత్త ఫోను అంగట్లోకి వచ్చిన రోజే దాని కవరు కూడా పక్కన వేలాడుతూ ఉండాలి. రెండు వారాలు ఆలస్యమైతే అడిగే దిక్కుండదు. ఫోనేమో కంపెనీవాళ్ళు వేదికెక్కి చూపించేదాకా ఎవరి కంటా పడదు. అచ్చు కొయ్యడానికి తక్కువలో తక్కువ పన్నెండు రోజులు పడుతుంది. అంటే, ఎవరూ చూడని పెళ్ళికూతురికి ముందుగానే రవిక కుట్టాలన్నమాట.

అందుకే మా ఊళ్ళో సొంత మేనమామ ఎక్కడున్నాడో తెలియని వాడికి కూడా ఫోన్ల కంపెనీలో ఏ కుర్చీలోంచి ఎవరు దిగారో, ఎవరు ఎక్కారో తెలుసు. పొద్దున్నే బియ్యప్పిండి చుట్టల కొట్టు దగ్గర, సోయా పులుసు కారుతున్న పళ్ళెం చేతిలో పట్టుకుని, కంపెనీ పెద్దల జాతకాలు చెప్పుకుంటారు. అందులోనూ బైలు కంపెనీ అంటే మరీ. గంట ప్రయాణంలో, షెంజెన్‌లోనే దాని ఆఫీసు. దాని ముద్ర తెల్లకొంగ. మా వాళ్ళు పేరు పెట్టి పిలిచే మర్యాద ఎప్పుడో వదిలేశారు, కొంగ అంటే చాలు.

ఆ ఏడాది వేసవి చివర కొంగ మీద పుట్టిన పుకారు ఇది: ఫోనుకి రూపురేఖలు దిద్దే విభాగానికి పదకొండేళ్ళుగా పెద్దగా ఉన్న గు గారు వరసగా మూడు సభల్లో కనిపించలేదు. గుండె జబ్బని ఒకరు. కాదు, యజమానితో మాటా మాటా వచ్చిందని ఇంకొకరు. ఆయన కుర్చీ ఎవరిదంటే మాత్రం అందరూ ఒకటే పేరు చెప్పారు. ఔయాంగ్.

ఆ పేరు వినగానే సుమేయ్ పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

"ఎవరూ? ఔయాంగేనా? సన్నగా, పొడుగ్గా, మాట్లాడేటప్పుడు కళ్ళజోడు పైకి తోసుకుంటూ ఉంటాడూ?"

"నువ్వేదో ఆయన మేనత్తవైనట్టు అడుగుతున్నావేంటక్కా?" అన్నాడు చ్యూ. ఈ చ్యూ మా సందుల్లో బొమ్మలు అమ్ముతాడు. రాబోయే ఫోను కొలతల బొమ్మలు. ఎక్కడ సంపాదిస్తాడో ఎవరూ అడగరు. అడిగితే చొక్కా కాలరు సవరించుకుని "లోపలి మనిషి" అంటాడు. ఆ లోపలి మనిషి ఎప్పుడూ ఒక్కడే, కంపెనీలు మాత్రం మారుతూ ఉంటాయి.

"మేనత్తనో, మేస్త్రినో నీకెందుకు? కొంగ పెత్తనం ఔయాంగ్ చేతికొస్తే ఈసారి కెమెరా మధ్యలో ఉంటుంది. రాసిపెట్టుకో."

కొట్టు దగ్గర ఉన్న తొమ్మిది మందీ నవ్వారు. కొంగ ఫోనుకి పుట్టినప్పట్నుంచీ కెమెరా ఎడమ మూలనే ఉంది. అది దాని బొట్టు లాంటిది.

అక్కడ నవ్వినవాళ్ళకి తెలియనిది ఒకటుంది. పద్దెనిమిదేళ్ళ కిందట కొంగ ఇంత పెద్ద పక్షి కాదు. చాంగాన్ చివర రేకుల షెడ్డులో దాని సొంత అచ్చుగది ఉండేది. మేయ్‌జౌ కొండల్లోంచి వచ్చిన సుమేయ్ అందులో సానపట్టే పనిలో చేరింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల. చేతిలో పని ఎంత ఉన్నా అందరికీ ఆవిడ "ఒసేయ్ అమ్మాయ్" మాత్రమే. ఉక్కు తీర్చిందెవరంటే పక్క బల్ల మీద కునుకు తీసే ముసలి మేస్త్రి పేరు రాసుకునేవారు.

అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరిన ఔయాంగ్ రోజూ మధ్యాహ్నం ఆవిడ బల్ల దగ్గరికి వచ్చేవాడు. మూలన కెమెరా పెడితే వేలు అడ్డమొస్తుందని, మధ్యలో పెడితే ఏ చేత్తో పట్టుకున్నా, చిన్నపిల్లలు పట్టుకున్నా ఫొటో సరిగ్గా వస్తుందని ఆయన వాదన. మట్టిముద్దతో పది ఫోన్లు చేసి తెచ్చి, ఆవిడ చేతికిచ్చి "పట్టుకో, ఇప్పుడు చెప్పు" అని వేళ్ళు చూసేవాడు. పైవాళ్ళు వినలేదు. చివరికి ఆయనే బతిమాలితే, పారేసిన అల్యూమినియం ముక్క మీద, భోజనం మానేసి, మూడు మధ్యాహ్నాలు కూర్చుని మధ్యలో కన్నం ఉన్న వెనకభాగం ఒకటి తీర్చి ఇచ్చింది సుమేయ్. దాన్ని ఆయన వెలుతురుకి పట్టి చూసి, రెండు చేతులూ జోడించి, వంగి, "చాలా గొప్ప పని, మేస్త్రీ" అన్నాడు. ఆవిడని ఆ మాటతో పిలిచిన మొదటి మనిషి ఆయన. అచ్చుగది మొత్తం విని నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఆ రోజు బల్ల కింద తల పెట్టి ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ ఏడ్చింది.

ఆ ముక్కని పెద్దల ముందు పెడితే అప్పట్లో కుర్ర అధికారిగా ఉన్న గు గారు చెత్తబుట్టలో పడేశాడట. "కొంగకి ఒంటికన్ను దేనికి?" అన్నాడట. ఆ సంవత్సరమే అచ్చుగదిని మూసేశారు. ఔయాంగ్ షెంజెన్ వెళ్ళిపోయాడు, సుమేయ్ ల్యాంగ్ షాపులో చేరింది. అంతే, మళ్ళీ ఒకరినొకరు చూసుకున్నది లేదు. అయినా మనిషిని చూసి అచ్చు ఎలా కొయ్యాలో చెప్పగలనని ఆవిడ నమ్మకం. "గు పోయి ఔయాంగ్ వచ్చాడంటే ఇంకేముంది, ఆ మనిషి పద్దెనిమిదేళ్ళుగా దాచుకున్న కోరిక తీర్చుకోడూ?" అంటుంది. అనడం కాదు, దబాయిస్తుంది.

ఇక ల్యాంగ్ సంగతి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చాంగాన్‌లోనే పుట్టి పెరిగినవాడు. షాపులో పదకొండు మంది పనిచేస్తారు. నిరుడు కొంగ ఫోను మందం తప్పుగా నమ్మి అచ్చు కోయించాడు. కవర్లన్నీ బిగుసుకుపోయాయి, ఒక్కటీ తొడగలేదు. గోదాములో ఇప్పటికీ పడున్నాయి. ఆ నెల విదియ నాడు, గుమ్మం పక్క నేలదేవుడికి కమలాపళ్ళు పెట్టి అగరుబత్తి వెలిగించాక, పదకొండు మందినీ నిలబెట్టి సూటిగా చెప్పాడు.

"ఈసారి ఒక్క ఉక్కు దిమ్మకే మన దగ్గర తాహతుంది. అది తప్పితే యంత్రాలు తూకానికి అమ్మేస్తాను. మీకు మొహం చాటేసి పారిపోయే రకం కాదు నేను, అందుకే ముందే చెబుతున్నా."

సుమేయ్ వెంటనే తన బల్ల వంక చూసుకుంది. ఇంకో చోట పని దొరక్క కాదు. మేస్త్రి బల్ల దొరకదు. కొత్త షాపుల్లో సాన కూడా యంత్రమే పడుతోంది. నలభై నాలుగేళ్ళ ఆడమనిషిని తీసుకుంటే ఏ వరసలోనో నిలబెట్టి, కవర్లకి సంచులు తొడగమంటారు. మళ్ళీ "ఒసేయ్" దగ్గర మొదలెట్టాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

నాలుగో రోజున ల్యాంగ్ చ్యూ దగ్గర బొమ్మ కొనుక్కొచ్చి బల్ల మీద పరిచాడు. కెమెరా ఎడమ మూలన, బొటనవేలంత కన్నం.

"ఇది గు కాలం నాటి బొమ్మ, ల్యాంగన్నా," అంది సుమేయ్, చూసీ చూడకుండానే.

"నీకెలా తెలుసు? దీని మీద తేదీ ఉందా?"

"ఏం, మనిషిని చూస్తే వయసు తెలీదూ? కుర్చీలో మనిషి మారాక పాత మనిషి గీసిన గీత నిలబడుతుందా? ఇంట్లో కోడలొస్తేనే వంటింట్లో డబ్బాలు మారిపోతాయే!"

"అమ్మా తల్లీ, నువ్వు ఔయాంగ్‌కి ఒకప్పుడు ఒక ముక్క సాన పట్టావు. ఆయన ఇంటి పెద్దవైపోలేదు. ముందు నమూనా అచ్చు చెయ్యి. హువాచియాంగ్‌బేయ్ బజారు టోకు వర్తకులు చూస్తామంటున్నారు."

నమూనా అచ్చంటే మెత్తటి అల్యూమినియంతో, నలభై యాభై కవర్లు పోయడానికి తాత్కాలికంగా చేసేది. ఒంటికాలి మీద లేచి అరిచింది గానీ, చేసింది సుమేయ్. కోపంగా చేసింది. కోపంలో ఛార్జింగు కన్నం పక్కన ఆకురాయి జారి వెంట్రుకంత వంకర గీత పడింది. ఆవిడ చేతిలో గీత పడటం మా సందు ఎరగదు. నమూనాయే కదా అని వదిలేసింది. కవర్లు షెంజెన్ వెళ్ళాయి.

ఐదు రోజుల తర్వాత ఊరు ఊరంతా గోలెత్తిపోయింది. ఫోన్ల పుకార్లు రాసే ఎవడో ఒక కవరు ఫొటో పెట్టాడు. "కొంగ కొత్త ఫోను కవరు బయటపడింది. కంపెనీ లోపలి నుంచి వచ్చిన తిరుగులేని ఆధారం" అని కింద రాశాడు. ఎడమ మూలన, బొటనవేలంత కన్నం. మధ్యాహ్నానికి పది లక్షల మంది చూశారు. దాని కింద ఇంకో పెద్దమనిషి రాశాడు, కెమెరా కదల్లేదంటే గు గారు కుర్చీలోనే ఉన్నట్టు అని. అంటే కవరుని చూసి కంపెనీ పెద్ద ఎవరో కూడా తేల్చేశారు!

ల్యాంగ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెనకే చ్యూ, మామిడిపండులా వెలిగిపోతున్న మొహంతో.

"చూశావా మేస్త్రీ? ఇప్పుడేమంటావ్? ప్రపంచం మొత్తం చూసింది. పక్క సందులో ముసలి లువో రాత్రే ఉక్కు యంత్రం మీదకి ఎక్కించాడట. ఎదురు సందులో ఇద్దరు మొదలెట్టారు. మనమే మిగిలాం."

"నా బొమ్మకి వంక పెట్టావు కదక్కా," అన్నాడు చ్యూ. "ఇప్పుడు చేదు కషాయం ఓ గ్లాసు తెప్పించుకుని నోరు కడుక్కో."

సుమేయ్ చ్యూ చేతిలో ఫోను లాక్కుని ఫొటోని వేళ్ళతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. తర్వాత ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్ళి, అల్యూమినియం నమూనా అచ్చు మోసుకొచ్చి ధడేలుమని బల్ల మీద పెట్టింది.

"ఛార్జింగు కన్నం పక్కన చూడు. ఏముంది?"

ల్యాంగ్ వంగి చూశాడు. "గీత."

"ఫొటోలో?"

ల్యాంగ్ ఫొటో చూశాడు. అచ్చు చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది... మన కవరే."

"మన కవరే! మనం చ్యూ బొమ్మని నమ్మి కవరు చేశాం. వాడెవడో మన కవరుని చూసి ఫోను ఇదే అన్నాడు. వాణ్ణి చూసి నువ్వు ఆధారం దొరికిందని పరిగెత్తుకొచ్చావు. నిన్ను చూసి లువో, లువోని చూసి ఎదురు సందూ! మన ఉమ్మే మన మొహాన పడితే వానొచ్చిందనుకుంటున్నారు, దద్దమ్మల్లారా!"

యంత్రం నడిపే లింగ్ అనే ఆవిడ గట్టిగా నవ్వేసి, ల్యాంగ్ మొహం చూసి నోరు మూసుకుంది.

"నువ్వు చెప్పు చ్యూ," అంది సుమేయ్. "నీ లోపలి మనిషి ఈ బొమ్మ ఎప్పుడిచ్చాడు?"

చ్యూ నీళ్ళు నమిలాడు. "మొన్నే... అంటే... వసంతకాలంలోనక్కా."

"గు కనిపించకుండా పోకముందా, తర్వాతా?"

"ముందే."

ల్యాంగ్ అప్పటికప్పుడు బయటికి వెళ్ళి లువోకి సంగతి చెప్పాడు, అది ఆయన మంచితనం. లువో నమ్మలేదు. పోటీవాడు ఉక్కు ఆపించడానికి కథలల్లుతున్నాడని మొహం మీదే అన్నాడట. ల్యాంగ్ తిరిగొచ్చి, ఇంకా అమ్ముడుపోని యంత్రాల వంక కాసేపు చూసి, "సరే మేస్త్రీ. నీ మాటే. కొయ్యి మధ్యలో" అన్నాడు.

పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. అలాంటిది, మర్నాడు పొద్దున ఉక్కు దిమ్మ ముందు నిలబడితే సుమేయ్‌కి చెయ్యి ఆడలేదు. నిన్న తను తిట్టిన తిట్లన్నీ తన చెవిలోనే మోగుతున్నాయి. వాళ్ళు తాము చేసిన కవరుని తామే నమ్మారు. మరి తను నమ్ముతున్నదేమిటి? అది కూడా తన చేత్తో తను తీర్చిన ముక్కే కదా! ఔయాంగ్ వస్తాడని ఆవిడకి తెలుసా, రావాలని ఉందా? ఆవిడ తనని తాను అడుక్కుంది. జవాబు నచ్చలేదు.

అచ్చులో ఉక్కు ఎక్కడ నిలబడి ఉంటే అక్కడికి ప్లాస్టిక్ పోదు, అక్కడ కన్నం పడుతుంది. కెమెరా కన్నం కావాలంటే ఆ చోట ఉక్కు గట్టు ఒకటి నిలబెట్టాలి. గట్టు పెద్దదైతే తర్వాత అరగదీయొచ్చు. చిన్నదైతే ఇక దేవుడొచ్చినా పెంచలేడు. అతుకు వేస్తే అద్దం లాంటి ఉక్కు మీద మచ్చ పడి ప్రతి కవరు మీదా కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి సుమేయ్ మొదటి రోజు నేర్పే పాఠం అదే. తీసింది తిరిగి రాదు, కాబట్టి తీసే ముందు ఆగు.

ఆవిడ మధ్యలో గట్టు నిలబెట్టింది. మధ్య నుంచి ఎడమ మూల దాకా గట్టుని తెంపకుండా అలాగే వదిలింది. చుట్టూ అన్ని వైపులా గోరు వెడల్పు ఎక్కువే ఉంచింది. అచ్చు మొత్తం తళతళలాడుతూ తయారైంది, ఆ ఒక్కచోట మాత్రం వీపు మీద మూటలా ఉక్కు మిగిలింది.

ల్యాంగ్ చూసి తల పట్టుకున్నాడు.

"ఇదేంటి? దీంతో కవర్లు ఎలా పోస్తాం? విడుదల రోజుకి అందరి కవర్లూ అంగట్లో ఉంటే మనం చేతులూపుకుంటూ నిలబడాలా?"

"ఆ రోజు పొద్దున్న ఫోను చూస్తాం. అక్కర్లేని వైపు కోసేస్తాం. సాయంత్రానికి పోస్తాం. ఒక్క పూట ఆలస్యం."

"మధ్యలోనే వస్తుందని బల్ల గుద్ది చెప్పావుగా! అంత నమ్మకముంటే మధ్యకే కొయ్యి!"

"నమ్మకం నాది," అంది సుమేయ్. "ఉక్కు పదకొండు మందిది."

ల్యాంగ్ వెళ్ళిపోయి టీ పెట్టుకున్నాడు. మా సందుల్లో ఆ వారమంతా ఇదే వేళాకోళం. పూర్తికాని అచ్చు మీద గుడ్డ కప్పి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న మేస్త్రిని చూడ్డానికి జనం పనిమాలా వచ్చేవారు. "ఏమక్కా, ఇంకా నొప్పులు రాలేదా?" అని అడిగిపోయేవారు. "మీ అమ్మకి వచ్చినప్పుడే ఆపించాల్సింది" అని ఆవిడ జవాబు చెప్పేది. లువో షాపులో మాత్రం రాత్రింబగళ్ళు కవర్లు పడుతూనే ఉన్నాయి, అట్టపెట్టెలు సందులోకి కూడా వచ్చేశాయి.

విడుదల రోజు పొద్దున్న పది గంటలకి, లింగ్ ఫోనుని యంత్రానికి ఆనించి పెట్టింది. పదకొండు మందీ దాని చుట్టూ మూగారు. వేదిక మీద దీపాలు వెలిగాయి. సుమేయ్ అందరికంటే ముందు, మునివేళ్ళ మీద నిలబడింది. చిన్నప్పుడు పరీక్ష ఫలితాలకి కూడా ఆవిడ అలా నిలబడలేదు.

వచ్చింది గు గారు కాదు. ఔయాంగ్ కూడా కాదు. నలభై దాటని ఎవరో యాన్ అట, కొత్తగా రూపురేఖల విభాగానికి పెద్ద. ఏ పుకారులోనూ, ఏ పళ్ళెం ముందూ ఆ పేరు ఒక్కరి నోటా రాలేదు. నవ్వుతూ వచ్చి, "ఇన్నేళ్ళూ దారి చూపించి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న మన పెద్దలు గు గారికి, ఔయాంగ్ గారికి కృతజ్ఞతలు" అని ఒక్క ముక్కలో ఇద్దర్నీ సాగనంపాడు. నాలుగు చప్పట్లు పడ్డాయి. వెంటనే సంగీతం మొదలైంది.

సుమేయ్ ఫోను దగ్గరికి ఇంకో అడుగు వేసింది. యాభై ఏళ్ళు కూడా నిండని ఔయాంగ్‌కి విశ్రాంతి ఏమిటి? ఆయన ముక్కని చెత్తబుట్టలో పడేసినవాడితో కలిపి ఒకే వాక్యంలో బయటికి పంపడమేమిటి?

యాన్ ఫోనుని వెనక్కి తిప్పాడు. కెమెరా ఎడమ మూలన ఉంది.

సందు సందంతా కేకలు. "మూలే! మూలే! చెప్పానా!" అని చ్యూ గొంతు అన్నిటికంటే పైన వినిపించింది. లువో షాపు ముందు టపాకాయల దండ పేలింది. ల్యాంగ్ సుమేయ్ వంక చూశాడు. ఆ చూపే ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది.

"మనిషి సంగతి తప్పు చెప్పాను," అంది సుమేయ్ అందరికీ వినిపించేలా. "ల్యాంగన్నా, లింగ్, అందరూ వినండి. పద్దెనిమిదేళ్ళ కిందటి మనిషిని పట్టుకుని వేలాడాను. తప్పు నాదే. ఇప్పుడు ఎవరైనా వెళ్ళి ఫోను పట్టుకురండి."

ల్యాంగే వెళ్ళాడు. ఒంటిగంటకి షెంజెన్ నుంచి ఫోను తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. సుమేయ్ కొలిచింది. మళ్ళీ కొలిచింది. మిగతా కొలతలన్నీ సరిపోయాయి గానీ, చ్యూ బొమ్మలో కంటే కెమెరా మూడున్నర మిల్లీమీటర్లు వెడల్పు ఉంది, రెండు మిల్లీమీటర్లు కిందకి దిగి ఉంది. మూల మూలే గానీ, గు గారి మూల కాదు. కొత్త మనిషి తన గీత తను గీసుకున్నాడు.

అప్పటికే బయట కేకలు ఆగిపోయాయి. ఎవరో అసలు ఫోను తెచ్చి లువో కవరు తొడిగి చూశారు. కెమెరా కన్నంలోంచి బయటికి రాలేదు. నొక్కితే కవరు పగిలింది. ఇంకో కవరు. అదీ అంతే. పదిహేడు సందుల్లో బొమ్మని నమ్మి కోసిన ప్రతి అచ్చులోనూ గట్టు చిన్నదే.

సుమేయ్ తన అచ్చు మీద గుడ్డ తీసింది. మూలన గట్టు ఉంది. చుట్టూ గోరు వెడల్పు ఎక్కువే ఉంది. మధ్యలో ఉన్న ఉక్కు మాత్రం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

"నేను కొయ్యనా అక్కా?" అంది లింగ్ మెల్లగా. ఆవిడకి ఔయాంగ్ కథ తెలుసు.

"వద్దు. నేనే పెట్టాను, నేనే తీస్తాను."

యంత్రం మీద మధ్యలో ఉన్న గట్టు కొంచెం కొంచెంగా అరిగి నేలమట్టమైంది. మూలన గట్టుని కొత్త కొలతకి తగ్గించి, యంత్రం ఆపాక ఆవిడ ఆకురాయి తీసుకుంది, తర్వాత నూనెరాయి, తర్వాత వజ్రపు పొడి. కళ్ళు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగింది, దాచుకోలేదు. అప్పట్లో బల్ల కింద తల పెట్టాల్సి వచ్చింది, ఇప్పుడు ఈ గదిలో ఆవిడ ఏడిస్తే నవ్వే దమ్మున్న మగాడు లేడు. నాలుగు గంటలయ్యేసరికి మధ్యలో అసలు ఉక్కు ఉండేదని కూడా తెలియనంత నున్నగా అయిపోయింది.

సాయంత్రం ఐదున్నరకి మొదటి కవరు పడింది. ల్యాంగ్ దాన్ని ఫోనుకి తొడిగాడు. టక్కుమని కూర్చుంది. కెమెరా చుట్టూ వెంట్రుక దూరే సందు లేదు. ఆయన ఫోనుని అటూ ఇటూ తిప్పుతూ, ముక్కు చీదుకుని, "హువాచియాంగ్‌బేయ్‌కి ఫోన్ చెయ్యండి, ఎంతమంది అడిగితే అంతమందికీ ఇస్తామనండి" అన్నాడు.

గుమ్మంలో లువో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. చేతిబండి మీద తన అచ్చు ఉంది.

"నువ్వైనా అతకగలవేమో చూడు, మేస్త్రీ," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆవిడని ఆ మాటతో పిలవడం అదే మొదలు.

సుమేయ్ వంగి చూసింది. చెయ్యి వేసి తడిమింది. "అతకలేను, లువో బాబాయ్. ఎవరూ అతకలేరు." కొంచెం ఆగి, ల్యాంగ్ వంక చూసింది. ల్యాంగ్ తల ఊపాడు. "నీ దగ్గర రాత్రి పనివాళ్ళు ఖాళీగా ఉన్నారుగా, మా దగ్గర పగలు చేసేవాళ్ళే. రాత్రి పూటలకి మా అచ్చు నీ షాపులో ఎక్కించుకో. గీత పడితే మాత్రం చంపేస్తాను."

ముసలాయన రెండు చేతులూ జోడించి వంగబోతే ఆవిడ భుజం పట్టుకుని ఆపేసింది.

చ్యూ అప్పటికే గోడవారన చేరి ఇంకో పుకారు మొదలెట్టాడు. ఈ యాన్ కూడా ఏడాది నిలవడట, ఔయాంగ్ ఊరికే పోలేదట, బయట ఇంకో కంపెనీ పెడుతున్నాడట.

"లోపలి మనిషే చెప్పాడా?" అంది లింగ్.

"నిజం లింగ్! ఒట్టు!"

ల్యాంగ్ కవరుని ఇంకా చేతిలోంచి వదల్లేదు. "అదే నిజమైతే, ఆయన ఫోనుకి కెమెరా ఎక్కడుంటుందంటావ్ మేస్త్రీ?" అని అడిగాడు. ఎగతాళికి కాదు.

"మధ్యలో," అంది సుమేయ్, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

"మరి అచ్చు మధ్యకే కోస్తావా?"

"కొయ్యను. మధ్యలోనే వస్తుంది. అయినా రెండు వైపులా ఉంచే కోస్తాను," అని ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.